బయోలో ఉన్నది మన జీవమే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల టెలిఫోన్, టెలిస్కోప్‌లలో ఉండే టెలి గురించి నాలుగు ముక్కలు రాసి, వచ్చే నెల బయో పట్టుకుందాం ప్రశ్నలు పంపండి అన్నాను కదా, పెరంబూరు నుంచి తాంబరం దాకా చాలామందే రాశారు, కొందరు వాయిస్ మెసేజ్‌లు పెట్టారు, ఒకాయనైతే ఆసుపత్రి చీటీ ఫొటో తీసి పంపారు. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు, ఒకేలా ఉన్నవి కలిపేశాను. పేరు వెయ్యొద్దన్నవాళ్ళు ఉన్నారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు, పేట పేరు మాత్రం వేస్తున్నా.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, వీధిలో తమిళం. సైన్స్ పుస్తకంలో బయాలజీ, బయోస్ఫియర్, ఆంటీబయాటిక్, ఆంఫీబియన్ అని వరసపెట్టి వస్తుంటే బట్టీ పడుతోంది, వారం తిరిగేసరికి మర్చిపోతోంది. ఈ బయో అంటే అసలేంటి, గుర్తుండే దారి ఏదన్నా ఉందా? (ఒక అమ్మ, పెరంబూరు)

జవాబు: దారి ఉందమ్మా, అదీ మీ ఇంట్లోనే ఉంది. బయోస్ గ్రీకు మాట, బతుకు అని అర్థం, ఇంతవరకూ ఏ గైడ్‌లో అయినా ఉంటుంది. గైడ్‌లో ఉండనిది ఏంటంటే మన జీవం, ఆ బయోస్ ఒకే తల్లి పిల్లలు. కొన్ని వేల ఏళ్ళ కింద, సంస్కృతం గ్రీకు లాటిన్ ఇంకా విడిపోని రోజుల్లో, బతకడం అనే మాట గ్వ్ లాంటి శబ్దంతో మొదలయ్యేదని భాషల్ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు తేల్చారు. ఆ శబ్దం నాలుక వెనక భాగం, పెదాలు రెండూ కలిస్తే వచ్చేది, అలాంటివి పలకడం కష్టం కదా, అందుకని ఎటు పోయిన జనం అటు తేలిక చేసుకున్నారు, సంస్కృతంలో జ అయింది, గ్రీకులో బ అయింది, లాటిన్‌లో వ అయింది. అదే జీవ, బయోస్, వీవుస్. లాటిన్‌లో ప్రాణాన్ని వీటా అంటారు, 1912లో కాసిమిర్ ఫంక్ అనే శాస్త్రవేత్త ఆ వీటా తీసుకునే విటమిన్ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషులో క్విక్ కూడా వీళ్ళ చుట్టమే, ఇప్పుడంటే తొందర అని అర్థం గానీ పాత ఇంగ్లీషులో ప్రాణం ఉన్నది అనే, పాదరసాన్ని క్విక్‌సిల్వర్ అన్నది అందుకే, అరచేతిలో పోస్తే ప్రాణం ఉన్నట్టు పరిగెత్తే వెండి మరి. పారశీకంలో ఇదే మాట జిందా అయింది. మనం ఊరేగింపుల్లో అరిచే జిందాబాద్‌లో ఉన్నదీ అదే జీవం!

జ ఎక్కడ, బ ఎక్కడ, నమ్మబుద్ధి కాదు అంటారేమో, ఇంకో మాట చూడండి. సంస్కృతంలో గో, గ్రీకులో బౌస్, ఇంగ్లీషులో కౌ, మూడూ ఆవే. ఇక్కడా అదే పాత శబ్దం, గ్రీకుకి పోయేసరికి బ. ఆ బౌస్‌కి జున్ను అనే ఇంకో గ్రీకు మాట కలిపి చేసిందే ఇవాళ మనం బ్రెడ్ మీద రాసుకునే బటర్.

ఇక మన చెన్నైలో ఉన్న పిల్లలకి ఇంకో లాభం ఉంది, ఇది హైదరాబాద్ పిల్లలకి అంత తేలిగ్గా దొరకదు. తమిళంలో ప్రాణాన్ని ఉయిర్ అంటారు, బయాలజీని ఉయిరియల్ అంటారు, మీ అమ్మాయి రోజూ వినే ఉంటుంది. అది మనకి కొత్త మాటేం కాదు. వాడి ఉసురు తగుల్తుంది అంటాం చూడండి, ఆ ఉసురే ఉయిర్, కన్నడంలో ఉసిరు అంటే ఊపిరి. అచ్చుల్ని తమిళంలో ఉయిరెళుత్తు అంటారు, మన వ్యాకరణంలో కూడా అచ్చులు ప్రాణాలు, హల్లులు ప్రాణులు. కాబట్టి అమ్మాయికి బయో అనగానే ఇటు జీవం, అటు ఉసురు రెండూ తట్టాలి, అప్పుడు అది పరాయి మాటలా ఉండదు.

బట్టీ మానేసి చెయ్యాల్సిందల్లా మాటని రెండుగా విరవడం. ఆంఫీబియన్ తీసుకోండి. ఆంఫీ అంటే రెండు వైపులా, బయోస్ బతుకు, రెండు బతుకులున్నది. కప్ప పిల్లగా ఉన్నప్పుడు తోకతో మొప్పలతో చేపలా బతుకుతుంది, పెద్దయ్యాక కాళ్ళొచ్చి ఊపిరితిత్తులొచ్చి గట్టు మీద బతుకుతుంది, నిజంగానే రెండు బతుకులు. మన పుస్తకాల్లో దీన్ని ఉభయచరం అన్నారు, మంచి మాటే, కానీ చరం అంటే తిరిగేది కదా, దాంతో పిల్లలకి ఒక అనుమానం వస్తుంది, నేను 30 ఏళ్ళు పాఠం చెప్పాను, ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. మహాబలిపురం రోడ్డు మీద మొసళ్ళ బ్యాంకుకి తీసుకెళ్తే మొసలి నీళ్ళలోనూ ఉంది గట్టు మీదా ఎండకి పడుకుంది, మరి అది ఉభయచరం ఎందుకు కాదు సార్ అని. చాలా మంచి ప్రశ్న అది. జవాబు గ్రీకు మాటలో ఉంది, మొసలి రెండు చోట్లా తిరుగుతుంది గానీ దానికి రెండు బతుకులు లేవు, గుడ్డులోంచి బయటికొచ్చిన నిమిషం నుంచి చచ్చేదాకా ఊపిరితిత్తులతోనే, పిల్ల మొసలి అచ్చం చిన్న సైజు మొసలే. అందుకే అది సరీసృపం.

ఒక్క జాగ్రత్త చెప్పండి అమ్మాయికి. బయో వేరు, బై వేరు. బైసికిల్, బైసెప్స్, బైనామియల్‌లో ఉన్న బై లాటిన్‌లో రెండు అని, దానికీ జీవానికీ ఏ చుట్టరికమూ లేదు. మొక్కలకి జంతువులకి రెండు ముక్కల పేరు పెట్టే పద్ధతిని పరీక్షలో బయోనామియల్ అని రాసేసి మార్కు పోగొట్టుకున్న పిల్లలు నాకు ఎంతమందో తెలుసు.

ప్రశ్న: మా అమ్మకి 64 ఏళ్ళు. మెడ దగ్గర చిన్న గడ్డ కనిపిస్తే డాక్టర్ బయాప్సీ చెయ్యాలి అన్నారు. ఆ మాట విన్నప్పట్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు. బయాప్సీ అంటే క్యాన్సర్ అనేనా? ఆటాప్సీకీ దీనికీ సంబంధం ఉందా? చీటీ ఫొటో పంపుతున్నా. (ఆదంబాక్కం)

జవాబు: ముందు అమ్మగారికి చెప్పండి, కాదు. బయాప్సీ అనేది జబ్బు పేరు కాదు, చూడటం పేరు. బయోస్ అంటే జీవం, ఆప్సిస్ అంటే చూపు, ప్రాణంతో ఉన్న మనిషి ఒంట్లోంచి చిన్న ముక్క తీసి చూడటం, అంతే దాని అర్థం. 1879లో ఎర్నెస్ట్ బెనియే అని పారిస్‌లో ఒక చర్మ వైద్యుడు ఈ పేరు పెట్టాడు. ఆటాప్సీ అంటే చనిపోయాక చేసేది, దాంట్లో ఆటో అంటే స్వయంగా అని, తన కళ్ళతో తనే చూడటం, అందులో బయో లేనే లేదు. రెండు మాటలూ చెవికి ఒకేలా వినిపిస్తాయి, అర్థంలో ఒకటి బతికున్నవాళ్ళ కోసం, ఇంకోటి పోయినవాళ్ళ గురించి.

నేను డాక్టర్ని కాదు, మీ అమ్మగారి గడ్డ ఏంటన్నది చెప్పలేను, చీటీ చూసి చెప్పడం తప్పు కూడా. కానీ మెడ దగ్గర గడ్డలు మన దేశంలో టీబీ వల్ల కూడా వస్తాయి, దాన్ని తేల్చాలన్నా ముక్క తియ్యాలి లేదా సూది పెట్టి కాస్త లాగి చూడాలి, కిడ్నీలో వాపు ఏ రకమో చూడాలన్నా బయాప్సీనే, గోధుమలు పడనివాళ్ళకి పేగు చూడాలన్నా బయాప్సీనే. ఏంటో తెలీకుండా మందు ఇవ్వకూడదు కాబట్టి అడుగుతున్నారు.

ఇదింత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే మా అక్క విషయంలో ఇది మాకు జరిగింది. ఈ ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో, చీటీ మీద ఆ ఒక్క మాట ఇంగ్లీషులో రాసి చేతిలో పెట్టారు, కౌంటర్‌లో డబ్బు కట్టమన్నారు, ఏంటమ్మా ఇది అని అడిగితే రిపోర్ట్ వచ్చాక చెప్తాం అన్నారు. మా అమ్మ దాన్ని పోస్ట్‌మార్టం లాంటిదేదో అనుకుంది, ఎవరో ఎక్కడో ఆటాప్సీ అనడం విని ఉంటుంది, పాపం అక్క బతికుండగానే ఇదేంటని వారం రోజులు రాత్రిళ్ళు ఏడ్చింది. అక్కకి చివరికి తేలింది మామూలు కొవ్వు గడ్డ. ఆ వారం రోజుల ఏడుపు ఒక్క వాక్యంతో ఆగేది, మీ అమ్మాయి బాగానే ఉంది చిన్న ముక్క తీసి చూస్తున్నాం అని ఎవరన్నా చెప్పుంటే. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

రిపోర్ట్ రావడానికి రోజులు ఎందుకు పడుతుందో కూడా తెలిస్తే భయం తగ్గుతుంది. తీసిన ముక్కని ఫార్మలిన్‌లో నానబెడతారు, కుళ్ళకుండా గట్టిపడటానికి. తర్వాత దాంట్లో నీరంతా లాగేసి కరిగించిన మైనంలో పెడతారు, చల్లారాక మైనం దిమ్మలో ముక్క ఇరుక్కుని ఉంటుంది, దాన్ని ఒక యంత్రం మీద 4 మైక్రాన్ల మందాన పొరలు పొరలుగా కోస్తారు. మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్, అంటే ఆ పొర మన తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చన. అప్పుడు రంగు వేస్తారు, కణాల నడిమి గింజలు ఊదా రంగుకి, మిగతాది గులాబీకి మారతాయి. ఆ ఊదా రంగు ఒక చెట్టు చేవ నుంచి వచ్చేదే, మధ్య అమెరికా వైపు చెట్టు. అప్పుడు పాథాలజిస్ట్ మైక్రోస్కోప్ కింద కూర్చుని ఓపిగ్గా చూస్తారు. అమ్మగారికి ఇదంతా తెలుగులో చెప్పండి, డాక్టర్‌ని ఏ అనుమానంతో చేస్తున్నారో సూటిగా అడగండి, అడగడం మీ హక్కు.

ప్రశ్న: ఆంటీ అంటే వ్యతిరేకం, బయో అంటే జీవం. అలాంటప్పుడు ఆంటీబయాటిక్ అంటే ప్రాణానికి శత్రువు అనే కదా, ప్రాణం కాపాడే మందుకి ఆ పేరేంటి? ప్రోబయాటిక్ అంటే ఏంటి? (బీఎస్సీ స్టూడెంట్, తరమణి)

జవాబు: ఎవరి ప్రాణం అన్నదే అసలు సంగతి. 1889లో వ్యూయ్‌మాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంటీబయోసిస్ అనే మాట వాడాడు, ఒక జీవి తాను బతకడానికి ఇంకో జీవిని చంపడం అని. అప్పటికి మందుల ఊసే లేదు. తర్వాత 1940ల మొదట్లో సెల్మన్ వాక్స్‌మన్, మట్టిలో ఉండే సూక్ష్మజీవుల మీద పని చేసినాయన, ఒక సూక్ష్మజీవి తయారుచేసి ఇంకో సూక్ష్మజీవిని పెరగకుండా ఆపే పదార్థానికి ఆంటీబయాటిక్ అని పేరు ఖాయం చేశాడు. కాబట్టి ఆ వ్యతిరేకం మన ప్రాణానికి కాదు, బాక్టీరియా ప్రాణానికి. ఆ లెక్కన ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసిన సల్ఫా మందులు అప్పట్లో ఆంటీబయాటిక్ కిందకి రావు, ఇప్పుడు మాత్రం అంత పట్టింపు లేదు, అన్నిటినీ కలిపే అనేస్తున్నారు.

వైరస్ జ్వరానికి ఆంటీబయాటిక్ మింగొద్దని ఎందుకంటారో కూడా మాటలోనే ఉంది. బాక్టీరియా తనంతట తను బతుకుతుంది, తింటుంది, గోడ కట్టుకుంటుంది, మందు ఆ గోడనో ఆ వంటనో చెడగొడుతుంది. వైరస్‌కి సొంత బతుకే లేదు, మన కణంలో దూరి మన సామానుతో పని చేయించుకుంటుంది, అక్కడ చెడగొట్టడానికి ఈ మందుకి ఏమీ దొరకదు. మందుల షాపులో స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి, అది డాక్టర్ చీటీ లేకుండా కొనకూడదని గుర్తు, 2016లో మన ప్రభుత్వం జనానికి ఇది తెలియజెయ్యాలని ప్రచారం కూడా చేసింది. అయినా సగం స్ట్రిప్ ఇవ్వండన్నా అని అడిగేవాళ్ళని మా వీధి చివర షాపులో రోజూ చూస్తున్నా, చాలా బాధగా ఉంటుంది.

ఆంటీబయాటిక్ అంటే మనకి గుర్తు రావాల్సిన మనిషి ఒకరున్నారు, తరమణి నుంచి లోకల్ ట్రైన్ ఎక్కి పార్క్ టౌన్ స్టేషన్‌లో దిగితే ఆయన చదివిన కాలేజీ. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు, స్వదేశీ రోజుల్లో ఖద్దరు గౌను వేసుకుని సర్జరీకి వెళ్ళారని అక్కడి ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది, రాతపరీక్షలు బాగా రాసినా చివరికి ఎంబీబీఎస్ ఇవ్వకుండా దానికన్నా తక్కువైన ఎల్‌ఎమ్‌ఎస్ ఇచ్చారు. ఆయన 1923 నాటికి బోస్టన్ చేరి హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీలో పడ్డారు, చూడండి అక్కడా బయో ఉంది, జీవరసాయనం. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఫిస్కే అనే అక్కడి శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఇచ్చారు, ఇప్పటికీ ఆ ఇద్దరి పేరుతోనే పిలుస్తారు. తర్వాత లెడర్లే అనే మందుల కంపెనీలో పరిశోధన అంతా ఆయన చేతి మీద నడిచింది, అక్కడే డగ్గర్ అనే పెద్దాయన మట్టిలోంచి ఆరియోమైసిన్ పట్టాడు, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి ఆంటీబయాటిక్ అదే, 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్ళకే. ఇదంతా ఈ ఊళ్ళో చదివే ప్రతి తెలుగు పిల్లాడికీ తెలిసుండాలని నా కోరిక.

ప్రోబయాటిక్‌లో ప్రో అంటే తరఫున, బతుకు తరఫున నిలబడేది. పేగుల్లో మనకి పనికొచ్చే బాక్టీరియాని పంపడం. షాపులో చిన్న సీసాల్లో అమ్ముతున్నారు గానీ ఇంట్లో తోడు పెట్టిన పెరుగులో లాక్టోబాసిలస్ కోట్లలో ఉంటుంది, చెన్నై ఎండకి పొద్దున తోడేస్తే మధ్యాహ్నానికే పులుస్తుంది కదా, అంత హుషారుగా బతుకుతాయవి.

ప్రశ్న: మైక్రోబ్ అన్న మాటలో బయో ఉందని మా మనవడు అంటాడు, నాకు కనబడట్లేదు. ఏరోబిక్స్‌లో కూడా ఉందట. నిజమేనా? (రిటైర్డ్ టీచర్, కీల్పాక్)

జవాబు: మీ మనవడు చెప్పింది నిజం మాస్టారూ. మైక్రోస్ చిన్న, బయోస్ బతుకు, తోక కత్తిరించారు కాబట్టి చివర బ్ మాత్రం మిగిలింది. 1878లో సెదియో అనే ఫ్రెంచి సర్జన్ పెట్టిన పేరు, పెట్టే ముందు లిత్రే అనే నిఘంటువు పండితుణ్ణి అడిగి మరీ పెట్టాడు. గ్రీకు బాగా వచ్చినవాళ్ళు అభ్యంతరం చెప్పారు, ఎందుకంటే గ్రీకులో మాక్రోబయోస్ అంటే దీర్ఘాయువు ఉన్నవాడు, ఆ లెక్కన మైక్రోబ్ అంటే అల్పాయుష్షు వాడు అవుతుంది గానీ చిన్న ప్రాణి అవ్వదు. వాదన సరైందే, కానీ అప్పటికే మాట జనం నోట్లో పడిపోయింది.

ఏరోబిక్‌లో ఏర్ అంటే గాలి, గాలితో బతికేది. పాశ్చర్ 1860ల్లో గాలి తగిలితే చచ్చిపోయే సూక్ష్మజీవుల్ని చూసి ఏరోబిక్, అనేరోబిక్ అని రెండు రకాలు చేశాడు. వంద ఏళ్ళ తర్వాత, 1968లో కెన్నెత్ కూపర్ అనే అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ డాక్టర్ అదే మాటని వ్యాయామానికి తెచ్చాడు, గుండె, ఊపిరితిత్తులు గాలిని బాగా వాడుకునే నడక, పరుగు, ఈత అన్నమాట. పొద్దున్నే మెరీనాలో మీరు నడిచేది ఏరోబిక్ అయితే, ఆ టైమ్‌కి ఇంట్లో గిన్నెలో ఇడ్లీ పిండి గాలితో పనిలేకుండా పొంగుతుంటుంది, ల్యూకోనాస్టాక్ అనే బాక్టీరియా పిండిలోని చక్కెర తిని గ్యాస్ వదులుతుంది కాబట్టి.

ప్రశ్న: పెళ్ళి సంబంధాలకి బయోడేటా అంటున్నాం, మా నాన్నగారు సినిమాని బయోస్కోప్ అనేవారు, పిల్లలు ఫోన్‌లో బయో మార్చాను అంటారు. బయాలజీకీ వీటికీ ఏం సంబంధం? (కోడంబాక్కం)

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే అమ్మా. గ్రీకుల దగ్గర జీవానికి రెండు మాటలుండేవి. జోయీ అంటే ఒంట్లో ఉండే ప్రాణం, చెట్టుకీ పిట్టకీ మనిషికీ ఒకటే. బయోస్ అంటే మనిషి బతికిన తీరు, ఏ ఊరు, ఏ పని, ఏ మర్యాద, ఎన్నేళ్ళు. మనకీ రెండున్నాయి, ప్రాణం వేరు, బతుకు వేరు. ప్రాణం అయితే ఉంది గానీ ఏం బతుకో అంటారు చూడండి, ఆ వాక్యాన్ని పాత గ్రీకు మనిషికి చెప్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

ఇప్పుడు చూస్తే బయోడేటాలో, బయోగ్రఫీలో, మీ పిల్లల ఫోన్ బయోలో ఉన్నదే అసలైన పాత అర్థం. అబ్బాయి ఏం చదివాడు, గోత్రం ఏంటి, జీతం ఎంత, ఇదంతా బతుకే కదా! డేటా మాత్రం లాటిన్, ఇచ్చినవి అని అర్థం. దారి తప్పింది బయాలజీయే. 1802లో జర్మనీలో ట్రెవిరానుస్, ఫ్రాన్స్‌లో లమార్క్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ప్రాణుల శాస్త్రానికి బయాలజీ అని పేరు వాడారు. గ్రీకు లెక్కన అది జువాలజీ అవ్వాలి, కానీ ఆ పేరు అప్పటికే జంతువుల చదువుకి పోయింది, జోయీకి చుట్టమైన, జంతువు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందది. మిగిలింది బయోస్, దాన్నే తీసుకున్నారు. బతుకు అనే మాట ప్రాణం అనే మాట పని చెయ్యడం అలా మొదలైంది.

గ్రీకులో ఇంకో ముచ్చట కూడా ఉంది. బయోస్‌నే కాస్త ఊనిక మార్చి పలికితే విల్లు అని అర్థం. హెరాక్లిటస్ అనే పాత తత్వవేత్త దీన్ని పట్టుకుని, విల్లు పేరేమో బతుకు, చేసే పనేమో చావు అన్నాడు. ఎప్పుడు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది నాకు.

బయోస్కోప్ అంటే బతుకుని చూపించేది. బొమ్మ కదిలితే ప్రాణం వచ్చినట్టే కదా, 1895 నవంబర్‌లో బెర్లిన్‌లో స్క్లాడనోవ్‌స్కీ అన్నదమ్ములు తమ యంత్రానికి ఆ పేరే పెట్టుకుని బొమ్మలాడించారు. మన మద్రాసులో కదిలే బొమ్మలు తెచ్చి చూపించినవాళ్ళలో మచిలీపట్నం నుంచి వచ్చిన రఘుపతి వెంకయ్య గారున్నారు, మౌంట్ రోడ్ దగ్గర గెయిటీ థియేటర్ కట్టించింది ఆయనే. మీ నాన్నగారు అన్నది చక్కటి మాట.

ప్రశ్న: సింబయాసిస్‌కి తెలుగులో సహజీవనం అని ఉంది. ఆ మాట ఇప్పుడు పెళ్ళి కాకుండా కలిసుండటానికి వాడుతున్నారు, పిల్లలకి చెప్పాలంటే ఇబ్బందిగా ఉంది. వేరే మాట ఏదన్నా ఉందా? (ట్యూషన్ చెప్పే అమ్మాయి, అంబత్తూరు)

జవాబు: ఇబ్బంది పడక్కర్లేదమ్మా. గ్రీకులో కూడా ఆ మాట ముందు మనుషులదే, కలిసి బతకడం, తోడు, కాపురం అని. 1870ల చివర్లో ఆంటన్ డి బారీ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త దాన్ని మొక్కల్లోకి తెచ్చాడు. చెప్పేటప్పుడు వంటింట్లోంచి రాతిపువ్వు ఒకటి పట్టుకెళ్ళండి, ఇక్కడ కల్పాసి అంటారు, చెట్టినాడు మసాలాలో, బిర్యానీలో వేస్తారు. అది పువ్వు కాదు, ఒక శిలీంధ్రం, ఒక నాచు ఒకదాన్నొకటి పట్టుకుని బతికే లైకెన్. నాచు ఎండతో తిండి వండుతుంది, శిలీంధ్రం ఇల్లు కట్టి తడి నిలుపుతుంది. డి బారీ మనసులో ఉన్నది కూడా లైకెన్లే. చేత్తో పట్టుకుని వాసన చూస్తే పిల్లలు ఇంక మర్చిపోరు.

ప్రశ్న: పళ్ళికరణై చిత్తడి దగ్గర బయోడైవర్సిటీ అని బోర్డు చూశా. అంటే పక్షులు ఎక్కువ ఉన్నాయనా? (8వ క్లాసు బాబు, వేళచ్చేరి)

జవాబు: ఎక్కువ ఉండటం కాదు నాన్నా, రకరకాలుగా ఉండటం. వెయ్యి కాకులుంటే అది గుంపు, రాజహంసలు, కొంగలు, బాతులు, చేపలు, కప్పలు, పాములు, తుంగ గడ్డి అన్నీ ఉంటే అది జీవవైవిధ్యం. తమిళంలో పల్లుయిర్ అంటారు, పలు ఉసురులు అనుకో. మాట పెద్ద పాతది కాదు, 1980ల మధ్యలో అమెరికాలో వాల్టర్ రోజెన్ ఒక సమావేశం పెడుతూ బయొలాజికల్ డైవర్సిటీ అన్న పొడుగు మాటని కుదించాడు. మన దేశం 2002లో దీని మీద చట్టం చేసింది, దాన్ని చూసే జాతీయ ఆఫీసు ఢిల్లీలో కాదు, మీ పక్కనే తరమణిలో ఉంది. ఆ చట్టం కింద ప్రతి ఊరూ తన చెట్టూ పుట్టా వాటి వాడకం రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఎందుకంటే వేప మీద ఐరోపాలో ఒక కంపెనీకి పేటెంట్ ఇచ్చేశారు ఒకసారి, మనవాళ్ళు పోట్లాడితే 2000లో రద్దయింది. ఇలా వేరేవాళ్ళ మొక్కల్ని, తెలివిని పట్టుకుపోవడానికి బయోపైరసీ అని పేరు. పళ్ళికరణైకి 2022లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, అంటే ప్రపంచం లెక్కలో ముఖ్యమైన చిత్తడి నేల. చలికాలం పొద్దున్నే వెళ్ళి చూడు, బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్ళు, అందులో ఉన్నది మాత్రం బయో కాదు, బై.

ప్రశ్న: జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నా. ఇందులో కూడా జీవమేనా? (విరుగంబాక్కం)

జవాబు: అవును, జీవమే. 1901లో వైల్డియర్స్ అనే ఆయన ఈస్ట్ పెరగాలంటే ఏదో తెలియని పదార్థం కావాలని కనిపెట్టి దానికి ఉత్త బయోస్ అనే పేరు పెట్టాడు. తర్వాత అది ఒకటి కాదు కొన్ని కలిసినదని తెలిసింది, వాటిలో ఒకదాన్ని 1936లో కోగల్ అనే శాస్త్రవేత్త గుడ్డు పచ్చసొన నుంచి విడదీసి బయోటిన్ అన్నాడు, దాదాపు 250 కిలోల ఎండు సొన వాడితే వచ్చింది ఒక మిల్లీగ్రామ్ పైచిలుకు. తెల్లసొన పచ్చిగా తింటే అందులో ఉండే ఎవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్‌ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు, ఉడికిస్తే ఆ బెడద లేదు. జుట్టుకి పని చేస్తుందో లేదో మీ డాక్టర్‌నే అడగండి. కానీ ఒకటి మాత్రం తప్పకుండా చెయ్యండి, బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే థైరాయిడ్ లాంటి కొన్ని రక్తపరీక్షల అంకెలు తప్పుగా వస్తాయి, రక్తం ఇచ్చే ముందే ల్యాబ్‌లో ఈ మాత్ర వేసుకుంటున్నానని చెప్పండి.